ఆ నక్షత్రం మసకబారుతోంది, చూసేవాళ్లేరీ?

విశాఖ పాత ఊళ్లో కాపురం ఉంటున్నవాళ్లకు ధూళి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన కిటికీ అద్దం మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకే, ఓ నక్షత్రం మసకబారడానికి కారణం ధూళే అంటే మనం ఇట్టే నమ్మేస్తాం. నా పేచీ అక్కడే. ధూళి అనగానే కథ అయిపోలేదు.

హంస రాశిలో, సుమారు 1,470 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కేఐసీ 8462852 అనే ఆ నక్షత్రం. దాన్ని శోధించిన ఖగోళ శాస్త్రవేత్త టబెథా బొయాజియన్ పేరుతోనూ పిలుస్తారు. నాసా అంతరిక్షంలోకి పంపిన కెప్లర్ టెలిస్కోపు తీసిన లెక్కల్లో ఏదో తేడా ఉందని మొదట పట్టుకున్నది ఇళ్లలో కూర్చుని గ్రాఫులు చూసిన ఔత్సాహికులు. 2011లో ఒకసారి 15 శాతం, 2013లో 22 శాతం దాకా వెలుగు పడిపోయింది. ఇలాంటి నక్షత్రానికి గురుడంత గ్రహం అడ్డొచ్చినా తగ్గేది ఒక శాతం లోపే. దాంతో గ్రహాంతరవాసుల కట్టడమేమోనన్న మాట ప్రపంచమంతా పాకింది.

గట్టి వస్తువు అడ్డొస్తే అన్ని రంగులూ సమానంగా తగ్గాలి. 2018లో వెలువడిన కొలతల్లో నీలం ఎక్కువ తగ్గింది, ఎరుపు తక్కువ. ఆర్‌కే బీచ్‌లో నీళ్ల మీంచి లేచే సూర్యుడు ఎర్రగా ఉండేదీ ఇలాగే: నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మన కంటిదాకా వస్తుంది. అంటే అడ్డొచ్చింది సన్నటి ధూళి. కానీ అంత సన్నటి రేణువులను నక్షత్రం వెలుగే బయటికి తోసేస్తుంది. మరి ఆ ధూళి మళ్లీ మళ్లీ ఎక్కడి నుంచి వస్తోంది? తోకచుక్కలు ముక్కలవుతున్నాయా? ఏదీ తేలలేదు.

నాకు అంతకన్నా పెద్ద చిక్కుగా తోచేది నెమ్మదిగా సాగుతున్న తగ్గుదల. కెప్లర్ చూసిన నాలుగేళ్లలోనే సుమారు 3 శాతం వెలుగు పోయింది. హార్వర్డ్‌లో దాచిన పాత గాజు ప్లేట్లు, అంటే గాజు పలకల మీద తీసిన ఆకాశపు ఫొటోలు, తిరగేసి, ఇది వందేళ్లుగా జరుగుతోందని 2016లో ఖగోళ శాస్త్రవేత్త బ్రాడ్లీ షేఫర్ అన్నారు. కెమెరాలు మారితే లెక్కా మారుతుందని మరికొందరు కొట్టిపారేశారు. ఆ వాదన న్యాయమైనదే. అయితే ప్లేట్లు భద్రంగా ఉన్నాయి కాబట్టే వాదించుకోగలిగారు.

ఆకాశాన్ని కనిపెట్టి చూసే అలాంటి పని ఒకప్పుడు మన ఊళ్లోనూ మొదలైంది. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో అబ్జర్వేటరీ పెట్టారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ఇక్కడి నుంచే పరిశీలించారు. ఇప్పుడు ఆ వీధుల్లో దుకాణాలున్నాయి, అబ్జర్వేటరీ లేదు. అటు వెళ్లినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ నక్షత్రం మామూలు కంటికి ఆనదు. చిన్న టెలిస్కోపు, దానికో కెమెరా ఉంటే దొరుకుతుంది. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి. అక్కడివాళ్లకు అందని గంటలు మన చేతిలో ఉన్నాయి. వానలు వెనకబట్టాక, అక్టోబరు సాయంత్రాల్లో హంస ఉత్తరాన ఎత్తుగా కనిపిస్తుంది. ఊళ్లో ఇన్ని కాలేజీలున్నాయి, అన్నిటికీ మేడలున్నాయి. వాటిలో ఒక్కదాని మీదైనా ఈ అక్టోబరుకు టెలిస్కోపు ఎక్కించాలి.