నెలకు రెండు రోజులేగా!

‘ఒక్క రోజే కదా, రేపు బడికి వెళ్తాడులే’ అనని ఇల్లు ఉండదు. ఒక్క రోజుకు కొంపలేమీ మునగవు, నిజమే. కానీ ఆ ఒక్కొక్క రోజునూ కూడి చూస్తున్నదెవరు? ఏడాదికి 180 పనిదినాలు అనుకుంటే, నెలకు రెండు రోజులు మానేసే పిల్లవాడు సుమారు 18 రోజులు బడికి దూరమవుతాడు. అంటే పదో వంతు. పదేళ్లు ఇలాగే సాగితే ఒక తరగతి మొత్తం చదవనట్టే. అమెరికాలో చాలా రాష్ట్రాలు, ఇంగ్లండ్ విద్యాశాఖ ఈ 10 శాతాన్నే ప్రమాద గీతగా పెట్టుకున్నాయి.

భిన్నాలు మొదలుపెట్టిన వారంలో జ్వరంతో మంచాన పడ్డ అమ్మాయి సంగతి చూద్దాం. ఆమె తిరిగొచ్చేసరికి క్లాసు కూడికలు దాటి గుణకారాల్లోకి వెళ్లిపోయింది. స్నేహితురాలి నోట్సు తెచ్చుకుని రాసుకుంటుంది. పుస్తకం నిండుతుంది గానీ, హారాలు ఎందుకు సమానం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ తర్వాత వచ్చే నిష్పత్తులు, శాతాలు, బీజగణితం నిలబడేది దాని మీదే. రెండేళ్లకు మార్కులు పడిపోతే ‘ఈ పిల్లకు లెక్కలు రావు’ అనేస్తాం. ఆ వారం ఎవరికీ గుర్తుండదు. ఆ పిల్ల కూడా ఆ మాట నమ్మేయడం మరీ బాధాకరం. బోర్డు దగ్గరకు పిలుస్తారేమోనన్న టెన్షన్‌తో లెక్కల పరీక్ష రోజున నిజంగానే కడుపునొప్పి వస్తుంది. ఇంకో సెలవు పడుతుంది.

చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నగర ప్రభుత్వ బడుల్లోని తొమ్మిదో తరగతి పిల్లలపై 2007లో ఒక అధ్యయనం వెలువరించారు. ఎవరు సబ్జెక్టులు తప్పుతారో ముందుగా పసిగట్టడంలో పాత పరీక్షల మార్కుల కన్నా హాజరు ఎనిమిది రెట్లు మెరుగైన సూచిక అని అందులో తేలింది. పేదరికం, అనారోగ్యం, ఇంట్లో గొడవలు కూడా చదువును దెబ్బతీస్తాయి. అవే పిల్లలను బడికి దూరం చేస్తాయి కూడా. కాబట్టి తప్పంతా సెలవులదే అనలేం. అయినా మార్కుల కోసం పరీక్షల దాకా ఆగాలి, హాజరు మాత్రం మొదటి నెలలోనే కళ్లెదుట ఉంటుంది.

కళ్లెదుట ఉన్నా కనబడకపోవడానికి కారణం సగటు. నలభై మంది ఉన్న తరగతిలో రోజూ ముప్పై ఆరు మంది వస్తే హాజరు 90 శాతం. అందరూ బాగానే ఉందనుకుంటారు. రోజూ పడే ఆ నలుగురి లోటు ఒకే ఎనిమిది మంది పిల్లల మధ్య తిరుగుతూ ఉంటే, వాళ్లు సగం చదువు పోగొట్టుకుంటున్నట్టు. తరగతి శాతం ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు. ప్రతి బడీ నెలాఖరున శాతంతో సరిపెట్టుకోకుండా, రెండు రోజులు, అంతకు మించి మానేసిన పిల్లల పేర్లు రాసుకుని కూర్చోవాలని మేం కోరుతున్నాం.

పేర్లు రాశాక దండించడం కాదు, అడగడం మొదలుకావాలి. ఉబ్బసమా, చిన్న తమ్ముణ్ణి చూసుకోవాలా, తోవలో ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఒక్కో కారణానికి ఒక్కో మందు. జరిమానాతో ఉబ్బసం తగ్గదు. తమ పిల్లలు ఎన్ని రోజులు మానేశారో చాలామంది తల్లిదండ్రులకు సరిగ్గా తెలియదు కూడా. ఫిలడెల్ఫియాలో ఆ లెక్క చెబుతూ ఇళ్లకు ఉత్తరాలు పంపితే, తరచూ మానేసే పిల్లల సంఖ్య దాదాపు పదో వంతు తగ్గింది. ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే పనిని వాయిదా వేయడానికి ఏ విద్యాశాఖకూ సాకు లేదు.

అయితే పిల్లను బడికి రప్పించడంతో పని అయిపోదు. తిరిగొచ్చిన రోజున ఆ అమ్మాయి పక్కన ఒక అరగంట కూర్చుని హారాల సంగతి చెప్పడానికి టీచరుకు టైమ్‌టేబుల్‌లోనే చోటు ఉండాలి.