ఇరవై నాలుగు ఫ్లాట్ల రాజ్యం

సంక్రాంతి నుంచీ మా అపార్ట్‌మెంటుకి ప్రెసిడెంటు లేడు. ఉన్నాయన లెక్కల పుస్తకం సెక్రటరీ ఒళ్లో పడేసి, "ఇంక నా వల్ల కాదు సామీ" అని తలుపేసుకున్నాడు. నెల్లూరు దర్గామిట్టలో ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఒక మోటారు, ఒక వాచ్‌మన్ గల ఈ రాజ్యానికి ఏ తరహా ప్రభుత్వం నప్పుతుందో ప్రపంచమంతా గాలించి చెప్పే బాధ్యత, రిటైరైన సోషల్ మాస్టర్నని నా మీద పెట్టారు. ఖాళీగా ఉన్నాడని కూడా అన్నారట, అది నేను పట్టించుకోలేదు.

ముందు బ్రిటన్ చూశాను. అక్కడ రాజ్యాంగం అంటూ ఒకే పుస్తకం లేదు. మాకూ అంతే, బిల్డర్ ఇచ్చిన బైలాస్ కాయితాలు ఎవరింట్లో ఉన్నాయో ఎవరికీ తెలీదు. పార్లమెంటు పంపిన బిల్లుని 1708లో ఆన్ రాణి కాదన్నాక ఇప్పటిదాకా సంతకం పెట్టనన్న రాజు లేడు, రాణి లేదు. మా మాజీ ప్రెసిడెంటూ డీజిల్ బిల్లయినా లిఫ్టు బిల్లయినా కళ్లు మూసుకునే సంతకం పెట్టేవాడు. కాకపోతే నీళ్లు రావట్లేదని అక్కడి రాజుగారిని అర్ధరాత్రి ఎవరూ నిద్ర లేపరు.

స్విట్జర్లాండ్ నాకు బాగా నచ్చింది. ఏడుగురు మంత్రులు, వాళ్లలో ఏడాదికొకరు అధ్యక్షులు. అపెంజెల్ అనే చోట ఇప్పటికీ జనం ఆరుబయట చేరి చేతులెత్తి చట్టాలు చేస్తారు. మేమూ టెర్రస్ మీద చేరాం. ట్యాంకు కడిగించాలా? ఇరవై రెండు చేతులు లేచాయి. తలా ఐదొందలు వేసుకుందామా? చేతులన్నీ ఫోన్ల మీదికి వెళ్లిపోయాయి. ఆ దేశంలోనే 2012లో, ఉద్యోగుల సెలవులు ఏడాదికి నాలుగు వారాల నుంచి ఆరు వారాలకి పెంచుదామా అని ఓటింగ్ పెడితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఇది చెప్తే నాలుగో ఫ్లోరాయన "వాళ్లకేమన్నా తిక్కా మాస్టారూ" అన్నాడు.

ఇక లాభం లేదని పోప్ ఎన్నిక పద్ధతికి వచ్చాను. 1268లో ఇటలీలోని విటెర్బోలో కూర్చున్న కార్డినల్స్, అంటే పోప్‌ని ఎన్నుకునే పెద్ద మతగురువులు, ఏడాది దాటినా ఎవర్నీ తేల్చలేదు. ఊళ్లోవాళ్లకి ఒళ్లు మండి లోపల పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, అదీ చాలక పైకప్పు పీకేశారు. 1271లో తేలింది. మాది టెర్రస్, పీకడానికి కప్పు కూడా లేదు. పైగా రోహిణి కార్తె. మెట్ల తలుపుకి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాను. పావుగంట గడిచిందో లేదో, రెండో ఫ్లోరు నుంచి బొమ్మిడాయిల పులుసు వాసన పైకొచ్చింది. మామిడికాయ వేసినట్టున్నారు. తాళం తీసిందీ, ముందు దిగిందీ నేనే. రిపోర్టులో ఆ సంగతి రాయలేదు.

బెల్జియం 2010-11లో 541 రోజులు ఆపద్ధర్మ ప్రభుత్వంతోనే నెట్టుకొచ్చింది. మాకూ ఆపద్ధర్మ ప్రభుత్వం ఒకటుందనీ, అది గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంటుందనీ మొన్ననే తెలిసింది. ఉదయగిరి దగ్గర సొంతూళ్లో చెల్లెలి పెళ్లి, వారం సెలవు కావాలన్నాడు వాచ్‌మన్. మోటారు ఎప్పుడు వేయాలో, ఏ వాల్వు ఎటు తిప్పితే ఎవరి వైపు నీళ్లెక్కుతాయో అతనికి తప్ప ఇంకొకరికి తెలీదు. అరగంటలో జనరల్ బాడీ సమావేశమైంది. ఇరవై నాలుగు ఫ్లాట్ల వాళ్లూ హాజరు, బెంగళూరు నుంచి ఇద్దరు వీడియో కాల్‌లో. పెళ్లికి రెండు రోజులు చాలునన్న తీర్మానం చదవడం పూర్తికాకముందే చేతులన్నీ లేచాయి. నాలుగో ఫ్లోరాయన రెండు చేతులూ ఎత్తాడు.