కంది సాలు మీద ఎందుకంత కోపం?

మొన్న విత్తనాల షాపు దగ్గర ఒకాయన అందరికీ వినపడేలా చెప్తున్నాడు: "వేరుశనగలో కంది వేయొద్దు, నేల బలమంతా లాగేస్తుంది." నలుగురూ తలూపారు. నేను కాదన్నా ఎవరూ వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లా, ఎర్రనేల. ఏడు సాళ్ళు వేరుశనగ, ఒక సాలు కంది. మా అబ్బ కాలం నుంచీ చూస్తున్నదే. రెండూ పోటీ పడవా అంటే పడతాయి. ఒకదానికొకటి ఆనించి వేస్తే దెబ్బే. కానీ వేరుశనగ వేళ్ళు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి, కంది తల్లివేరు లోతుకు దిగుతుంది. పైగా మొదటి రెండు నెలలు కంది నత్తనడకే, ఆ తడంతా వేరుశనగదే. కాయ పీకాక అడుగు తడితో కంది నిలబడుతుంది. వాన మొహం చాటేసిన ఏడు మా ఇంట్లో పప్పుకు లోటు రాలేదంటే ఈ ఒక్క సాలు వల్లే.

ఇక బలం సంగతి. మన ఎర్రనేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముకు అతుక్కుని ఉంటుంది, చాలా పైర్లకు అందదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనేదాన్ని వదిలి, ఇనుమును పట్టేసి భాస్వరాన్ని విడిపిస్తుంది. ఇది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో తేలిన సంగతి, 1990లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది. రాలిన ఆకు కుళ్ళితే అందులో కొంత తర్వాతి పైరుకే పోతుంది. దీన్ని లాగేయడం అంటారా?

జొన్నలో కంది వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మట్టిలో నత్రజనిని జొన్న వేళ్ళు గబగబా లాగేసుకుంటాయి. దాంతో కందికి గాలిలో నత్రజని మీద ఆధారపడక తప్పదు. గాలిలో నత్రజనిని పట్టే ఆ పని చేసేది వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా, అదీ చెట్టు దానికి చక్కెర పెడితేనే. నమ్మకపోతే పూత మీదున్న వేరుశనగ చెట్టు ఒకటి మెల్లగా తవ్వి, మట్టి దులిపి చూడండి. ఆవగింజంత బుడిపెను గోటితో చిదిమితే లోపల రక్తంలా ఎర్రగా ఉంటుంది. ఎరుపుంటే పని జరుగుతున్నట్టు.

అలాగని చెట్లన్నీ అన్నదమ్ముల్లా పంచుకుంటాయని వచ్చే వీడియోలు కూడా నాకు నచ్చవు. మా గట్టు మీది నీలగిరి పక్కన పైరు మోకాలెత్తు కూడా రాలేదు. నాన్న గట్టు వెంబడి కందకం తవ్వి వేళ్ళు తెంపాకే ఆ వరసలు తేరుకున్నాయి. బలం లాగేదాన్ని చూడాలంటే గట్టు మీద చూడండి. కందిని దగ్గరగా వేసి నష్టపోతే ఎడం పెంచండి, అంతేగానీ పంటనే మానేయకండి. ఈసారీ మా చేనులో ఎనిమిదో సాలు కందిదే.