మావయ్య అక్రోట్లు, ఆకుపచ్చ తలుపు

మా మావయ్య విజయవాడ బెంజి సర్కిల్లో ట్రాఫిక్ కానిస్టేబులుగా చేసి రిటైరయ్యాడు. ఈ మధ్య నన్ను మా తమ్ముడి పేరుతో పిలుస్తున్నాడు. ఫ్రిజ్ తీసి, ఎందుకు తీశానా అని చల్లగాలికి నిలబడుతున్నాడు. వయసు మీద పడిందంటే మాత్రం ఒప్పుకోడు, ఈ మతిమరుపంతా సీసం చేసిన పనేనట. "పెట్రోల్లో సీసం ఆపింది 2000లో. అప్పటిదాకా ఆ పొగంతా పీల్చిందెవడు? నేను!" అంటాడు.

"పెళ్లిచూపుల్లోనే నా పేరు మూడుసార్లు అడిగారు. అప్పటికి మీకు ఉద్యోగమే రాలేదు" అంటుంది అత్తయ్య.

ఇంతలో ఆయన ఫోనుకి ఏదో వచ్చింది. ఎలుకలకు సీసంలాగే విషలోహమైన కాడ్మియం ఎక్కించి, బాదం, అక్రోట్లు తినిపిస్తే వాటి జ్ఞాపకశక్తి అంతగా దెబ్బతినలేదట. "ఎలుకలకండీ!" అని అత్తయ్య మొత్తుకుంది. ఎవరు వింటారు? సాయంత్రానికి రెండు కిలోల అక్రోట్లు దిగాయి, పెంకులతో సహా. ఒలిచిన పప్పు తేవచ్చుగా అంటే, గాలి తగిలితే అందులో నూనె చెడిపోతుందని లెక్చరిచ్చాడు. ఆ ఒక్కటీ నిజమే. అటక మీది ఎలుకలు కూడా ఆ ప్రయోగం సంగతి విన్నట్టున్నాయి, తెల్లారేసరికి సంచికి చిల్లు పడింది.

రోకలితో కొడితే పప్పు పొడైపోయింది. సుత్తితో కొడితే కాయ సోఫా కిందికి దూరింది. ఇక తలుపు సందే గతి అన్నాడు. హాలు తలుపు టేకుది, అత్తయ్య చెయ్యి వెయ్యనివ్వదు. మిగిలింది స్నానాలగది తలుపు, తాతగారు వేయించిన ఆకుపచ్చ రంగుది. మడతబందు పక్క సందులో కాయ పెట్టి మెల్లగా లాగితే టక్‌మని పగిలేది. కాయతో పాటు పాత రంగు పెచ్చులూ గిన్నెలో రాలేవి. మావయ్య ఉఫ్‌మని ఊది, పప్పు నోట్లో వేసుకునేవాడు.

పండక్కి వచ్చిన వదిన, అంటే మావయ్య కూతురు, కెమిస్ట్రీ లెక్చరరు. ఆ గిన్నె చూసి కెవ్వుమంది. "నాన్నా! ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 దాటకూడదన్న రూలు 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఈ రంగు తాతగారి కాలంది! పాత ఆకుపచ్చల్లో చాలావాటికి లెడ్ క్రోమేటే, అంటే సీసం ఉన్న పదార్థమే, ఆధారం. సీసానికి మందని సీసమే తింటున్నావా?"

మావయ్య నములుతున్నది ఆపాడు. "అయితే ఇంకో నాలుగు ఎక్కువ తింటే సరి" అన్నాడు.

పాపం, అలా కుదరదు. సీసం ఒంట్లోకి వెళ్తే ఎముకల్లో కాల్షియం సీటులో కూర్చుంటుంది. గుప్పెడు అక్రోట్లు దాన్ని లేపలేవు. వదిన ఆయన్ని రక్తపరీక్షకు తీసుకెళ్లింది. గరుకు కాగితం పట్టుకొచ్చిన వడ్రంగిని గుమ్మంలోనే ఆపేసింది. ఆ రంగుని పొడిగా గీకితే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది మరి. తలుపుకి తలుపే మార్చేయమంది. వడ్రంగి దాన్ని ఊడబీకి పట్టుకుపోయి, కొత్తది వచ్చేవారం అన్నాడు.

అప్పటిదాకా అక్కడ దుప్పటే తలుపు. లోపలున్నవాళ్లు పాట పాడుతూ ఉండాలని అత్తయ్య ఆర్డరు. మావయ్యకి చరణం గుర్తుండదు. పల్లవి నాలుగోసారి వినపడిందంటే లోపలున్నది ఆయనే.