డిసెంబరులోనే కాదు, జులైలో కూడా రండి

మా రన్నింగ్ గ్రూపులో నిన్న మాటామాటా పెరిగింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో బుధవారం సాయంత్రాలు ఇరవై మందిమి కలిసి పరుగెడతాం. నెలకోసారి దారిలో ఫుడ్ బ్యాంక్ దగ్గర, అంటే విరాళంగా వచ్చిన తిండి సరుకుని ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి ఉచితంగా ఇచ్చే చోట, ఆగి గంటసేపు పనిచేస్తాం. లండన్‌లో మొదలైన గుడ్‌జిమ్ వాళ్లు పరుగునీ సాయాన్నీ ఇలాగే కలిపి ఏళ్లుగా చేస్తున్నారు. నిన్న ఒకతను, "డబ్బాల మీద డేట్లు చూడటం ఏం పని? క్రిస్మస్‌కి అందరం ఒకే టీషర్టులు వేసుకుని పార్సిళ్లు పంచుదాం, ఫొటోలు పెడదాం, గ్రూపుకి పేరొస్తుంది" అన్నాడు. అక్కడ కోపంలో సరిగా చెప్పలేకపోయాను.

ఆ డేట్లు చూడటమే అసలు పని. సూపర్‌మార్కెట్లలో జనం బుట్టల్లో వేసిన సరుకు క్రేట్లలో వస్తుంది. తూకం వేశాక ఒక్కో డబ్బా తిప్పి చూడాలి. తేదీ ఒకదానికి అడుగున, ఇంకోదానికి అంచు మీద మసగ్గా ఉంటుంది. మార్కర్‌తో పైన సంవత్సరం పెద్దగా రాసి, ఆ ఏడాది క్రేట్‌లో పెట్టాలి. గడువు దగ్గరపడినవి ముందు బయటికెళ్లాలి. ఇక్కడ అజాగ్రత్త పడితే తినాల్సిన తిండి చెత్తలోకి పోతుంది.

పొయ్యి లేనివాళ్లకి, ఉన్నా కరెంటు ఖర్చుకి భయపడి వెలిగించనివాళ్లకి, వేడినీళ్లు పోస్తే సరిపోయే తిండి విడిగా కడతారు. నూడుల్స్, సూప్ పొడి, ఓట్స్. "చేత్తో లాగితే మూత వచ్చే డబ్బాలే వెయ్యమ్మా, కొందరి దగ్గర ఓపెనర్ కూడా ఉండదు" అంది అక్కడి పెద్దావిడ. ఆ రోజు నుంచి నేను మామూలు డబ్బా కొనలేదు.

బ్రిటన్ అంతటా ట్రస్సెల్ అనే సేవాసంస్థ కింద ఉన్న ఫుడ్ బ్యాంకులే 2023-24లో 31 లక్షలకు పైగా పార్సిళ్లు ఇచ్చాయి. అందులో 11 లక్షలకు పైగా పిల్లల కోసం. చాలాచోట్ల ఊరికే వెళ్తే ఇవ్వరు. డాక్టరో, స్కూలో, సలహా కేంద్రమో వోచర్ రాసివ్వాలి. అన్నదాన సత్రాలు చూసి పెరిగిన నాకు, తిండికి చీటీ ఏమిటని మొదట్లో మనసు చివుక్కుమంది. అప్పులు, అద్దె బాకీల సంగతి కూడా ఎవరో ఒకరు పట్టించుకోవడానికే ఆ పద్ధతి అని తర్వాత తెలిసింది. అయినా వోచర్ పట్టుకొచ్చిన మనిషి అప్పటికే ఒక గడపలో తన కష్టం చెప్పుకుని వచ్చాడు. ఇక్కడ మన ఫోన్ ముందు కూడా నిలబడాలా?

మా గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మగారి పేరు తెలియనివాళ్లు ఉండరు. ఆకలితో ఎవరు ఏ వేళకొచ్చినా వండిపెట్టిన ఆ తల్లి ఫొటో దిగడానికి కూడా ఇష్టపడలేదని పెద్దలు చెప్పుకుంటారు. నిన్న అతను ఫొటోలు అన్నప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

డిసెంబరులో సరుకు ఎలాగూ వస్తుంది, చేతులూ వస్తాయి. వేసవిలో విరాళాలు పలచబడతాయి. బడులకు సెలవులు, ఉచిత మధ్యాహ్న భోజనం ఉండదు, ఇంట్లో పిల్లలకి మూడు పూటలా పెట్టాలి. మనం అప్పుడు వెళ్లాలి. అందుకే జులై, ఆగస్టుల్లో నెలకోసారి కాదు, వారం వారం ఆగుదామని గ్రూపులో అడుగుతున్నాను. ఇప్పటికి ఆరుగురు సరేనన్నారు. లీడ్స్‌లో ఉన్న మనవాళ్లెవరైనా రండి, పరుగు రాకపోతే నడిచి రండి. బుధవారం ఆరున్నరకి బయలుదేరతాం.