అంతర్జాతీయ స్నేహం, స్వదేశీ బిల్లు

విశ్వవిద్యాలయం పెట్టాలంటే ముందు పంతుళ్లూ పిల్లలూ కావాలనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ముందు కావలసింది శిఖరాగ్ర సదస్సు. నలందానే చూడండి. 2006లో బిహార్ శాసనసభ్యుల ముందు అబ్దుల్ కలాం ఆ మాట ఎత్తారు. మరుసటి ఏడాది ఫిలిప్పీన్స్‌లోని సెబూలో తూర్పు ఆసియా దేశాల నేతలు తలలూపారు. 2009లో థాయ్‌లాండ్‌లో మరికాస్త గట్టిగా ఊపారు. 2010లో మన పార్లమెంటు చట్టం చేసి, బాధ్యతను విదేశాంగ శాఖ చేతిలో పెట్టింది. సబబే. చదువు చెప్పడం ఎవరికైనా వచ్చు, ఉమ్మడి ప్రకటన రాయడం అందరికీ రాదు కదా!

విరాళాలు మాత్రం 'స్వచ్ఛందం' అన్నారు. చైనా పది లక్షల డాలర్లిచ్చింది, థాయ్‌లాండ్ లక్ష. మన ఖజానా 2,700 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. పెళ్లిపెద్దలు బోలెడుమంది, భోజనాల ఖర్చు మాత్రం పిల్ల తండ్రిది.

2014 సెప్టెంబరులో తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 15 మంది, బస హోటల్లో. నేడు భాగస్వాములుగా చెప్పుకొనే 17 దేశాలకు తలా ఒకరిని పంచినా రెండు దేశాలు ఉత్తచేతులతో వెళ్లాలి. అమర్త్య సేన్ తప్పుకున్నాక సింగపూర్ మాజీ విదేశాంగ మంత్రి జార్జ్ యో ఛాన్సలర్ అయ్యారు. 2016లో పాలకమండలిని మార్చేశారు, ఆయనకు చెప్పకుండానే. ఆయన రాజీనామా చేశారు. విదేశీ ఛాన్సలర్ కావాలన్నారు గానీ, ఆయనకు కబురు చెప్పాలని ఎవరన్నారు?

2024 జూన్‌లో 455 ఎకరాల కొత్త ప్రాంగణానికి ప్రారంభోత్సవం జరిగింది. రాయబారులు తరలివచ్చారు. ఇంత పద్ధతిగా జరిగిన పనిని చూశాక, తొమ్మిదో శతాబ్దపు మోటుతనం తలచుకుంటే సిగ్గేస్తుంది. సువర్ణద్వీపపు (నేటి సుమత్రా) రాజు బాలపుత్రదేవుడు సదస్సూ కమిటీ ఏమీ లేకుండా నలందాలో విహారం కట్టించాడు. దాని పోషణకు అయిదు ఊళ్లు ఇమ్మని పాలవంశపు రాజు దేవపాలుణ్ణి అడిగాడు. ఆయన ఇచ్చేసి రాగిరేకు మీద చెక్కించాడు. అంతే!

ఇవాళైతే ఆ విహారంవాళ్లు ముందు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సుమత్రా నుంచి వచ్చే సొమ్ము కోసం ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి. గుమాస్తా అడిగితే రాగిరేకును జిరాక్స్ తీసి, గెజిటెడ్ సంతకం పెట్టించి మరీ జతచేయాలి.