వేచి ఉన్నవాళ్ల కోసం పుట్టిన పార్కు: నాట్స్ బెర్రీ ఫామ్ ఎక్కడికి చేరింది?

కాలిఫోర్నియాలోని బ్యూనా పార్క్ అనే ఊళ్లో, 1934 జూన్‌లో కోర్డీలియా నాట్ అనే రైతు ఇల్లాలు ఎనిమిది మందికి చికెన్ భోజనం వడ్డించారు. మనిషికి 65 సెంట్లు. పళ్లాలు ఆమె పెళ్లినాటివి. మహామాంద్యం రోజులవి. బెర్రీల అమ్మకానికి తోడు నాలుగు డబ్బులు వస్తాయని మొదలుపెట్టిన పని అది. ఆ రుచి ఆ నోటా ఈ నోటా పాకి, కొన్నేళ్లకు జనం గంటల తరబడి బారులు తీరసాగారు.

అంతసేపు ఆకలితో నిలబడేవాళ్లకు పొద్దెలా పోతుంది? భర్త వాల్టర్ నాట్‌కు పట్టుకున్న దిగులు ఇదే. అమ్మమ్మ గూడుబండిలో ఎడారులు దాటి కాలిఫోర్నియా చేరిన కథ వింటూ పెరిగిన మనిషి ఆయన. జనం వదిలేసిన పాత ఊళ్ల నుంచి కట్టడాలు తెప్పించి 1940లో ఘోస్ట్ టౌన్ అనే పాతకాలపు ఊరి నమూనా కట్టడం మొదలుపెట్టారు. చూడ్డానికి టికెట్ లేదు. భోజనానికి పిలుపు వచ్చేదాకా పిల్లాపాపలతో అక్కడ తిరగొచ్చు.

ఇవాళ అదే నేల మీద ఉన్న నాట్స్ బెర్రీ ఫామ్ అనే వినోద పార్కులో, గేటు దగ్గర టికెట్ కొన్నాక కూడా, రైడ్ల దగ్గర పెద్ద క్యూ తప్పించుకోవాలంటే ఫాస్ట్ లేన్ పేరిట మళ్లీ డబ్బు కట్టాలి. ఒకప్పుడు వేచి ఉన్నవాళ్లకు మర్యాద చేసిన చోట ఇప్పుడు వేచి ఉండకపోవడం అమ్ముడుపోతోంది. ఈ పార్కు ఎంత మారిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా సరైన కొలత కనిపించదు.

ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు, ఒక్క యజమాని తెచ్చిందీ కాదు. 1960లో రైడ్లు కట్టే బడ్ హర్ల్‌బట్ సొంత డబ్బు పెట్టి కట్టిన కాలికో మైన్ రైడ్‌లో పాత గుణం ఇంకా నిండుగా ఉంది. క్యూ ఎంత పొడుగుందో బయటికి తెలియదు. మలుపులు తిరుగుతూ నడిచేవాళ్లకు గనిలోకి వెళ్లే రైళ్లు కనిపిస్తూ ఉంటాయి, విసుగు దగ్గరికి రాదు. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ ఎవరికైనా దీని విలువ తెలుస్తుంది. 1968లో కంచె వేసి ప్రవేశ రుసుము పెట్టింది నాట్ కుటుంబమే. 1975లో జనాన్ని తలకిందులుగా తిప్పే కార్క్‌స్క్రూ రోలర్‌కోస్టర్ తెచ్చిందీ వాళ్లే. కాబట్టి అప్పుడంతా స్వర్ణయుగం, తర్వాతంతా పతనం అనడం న్యాయం కాదు.

అయినా 1990లలో తెగిన దారం మామూలుది కాదు. కోర్డీలియా 1974లో, వాల్టర్ 1981లో కన్నుమూశారు. 1995లో జామ్‌ల వ్యాపారం కొనాగ్రా అనే ఆహార సంస్థ చేతికి, 1997లో పార్కు సీడర్ ఫెయిర్ అనే పార్కుల సంస్థ చేతికి పోయాయి. పంట పేరొకరిది, పొలం మరొకరిది అయింది. రుడాల్ఫ్ బోయ్సెన్ పెంచి వదిలేస్తే ఎండిపోతున్న తీగల్ని తెచ్చి బతికించి, వాటి పండుకు ఆయన పేరే పెట్టి బోయ్సెన్‌బెర్రీగా అమ్మిన మనిషి వాల్టర్. అలాంటి రైతు పేరు పొలం నుంచి విడిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సీడర్ ఫెయిర్ భారీ రైడ్లు తెచ్చింది. 1998లో వచ్చిన ఘోస్ట్‌రైడర్ చెక్క రోలర్‌కోస్టర్ కోసమే వచ్చేవాళ్లున్నారు. అదే సంస్థ 2013లో దుంగ ఆకారపు పడవల్లో నీటి మీద సాగే లాగ్ రైడ్‌కు, మరుసటి ఏడాది మైన్ రైడ్‌కు శ్రద్ధగా మరమ్మతులు చేయించింది. బోయ్సెన్‌బెర్రీ పండగ జరిపింది. వీటికి దాన్ని మెచ్చుకోవాలి. కానీ 2022 జులైలో కొట్లాటల తర్వాత, 17 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్నవాళ్లు 21 దాటిన తోడు లేకుండా రాకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. భద్రత ముఖ్యమే, కాదనను. అయితే స్నేహితులతో కలిసి పార్కుకు వెళ్లే స్వేచ్ఛ ఈ నిబంధనతో ఆ ఊరి పిల్లలకు తగ్గింది.

2024 జులైలో సీడర్ ఫెయిర్, మరో పార్కుల సంస్థ సిక్స్ ఫ్లాగ్స్ విలీనమయ్యాయి. అప్పుడు నాట్స్ 42 పార్కుల్లో ఒకటైంది, ప్రధాన కార్యాలయం దేశానికి ఆ చివర షార్లెట్‌లో. అక్కడి లెక్కల పుస్తకంలో ఘోస్ట్ టౌన్ కమ్మరి కొలిమికి ఎంత ఆదాయం వస్తుంది? ఇలాంటి చిన్న ఖర్చుల మీదే కోత పడుతుందని నా భయం. కొత్త యాజమాన్యాన్ని అడగాల్సింది ఇంకో ఎత్తైన రైడ్ కాదు. ఆ కొలిమి ఆరకూడదు, పిల్లలతో కబుర్లాడే ఘోస్ట్ టౌన్ కళాకారుల జీతాలు తెగకూడదు, మామూలు టికెట్ కొన్నవాళ్ల వరుస ఫాస్ట్ లేన్ వల్ల ఇంకా పొడుగవకూడదు.

ఆర్టీసియాలోని ఇండియన్ షాపులకు వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ పార్కు కొద్ది మైళ్ల దూరమే. వెళ్తే ముందు గేటు బయటే ఉన్న మిసెస్ నాట్స్ చికెన్ డిన్నర్ రెస్టారెంట్ చూడండి. లోపలికి అడుగుపెట్టడానికి ఇప్పటికీ పార్కు టికెట్ అక్కర్లేదు.